వించ్ భారం బంపర్‌ది కాదు

అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో టల్సా చమురు బావుల మీద ఎదిగిన నగరం. బావుల దగ్గరికి గొట్టాలు, డ్రిల్లింగ్ సామాను చేరవేసే లారీలకు సరైన రోడ్డు ఉండేది కాదు. సామాను పైకి ఎక్కించడానికీ, బురదలో దిగబడితే బయటపడటానికీ తాడును డ్రమ్ము మీద చుట్టి బరువును లాగే యంత్రం, అంటే వించ్, లారీకే కావలసి వచ్చింది. అక్కడ అలాంటి వించ్‌లు తయారుచేస్తున్న బ్రాడెన్ కంపెనీ రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం బండ్లకూ వాటిని సరఫరా చేసింది. ఇవాళ ఆఫ్‌రోడ్ బండి ముందు బంపర్‌ను కోయించి, వెల్డింగ్ చేయించి వించ్ బిగించుకునే అలవాటుకు వేళ్లు ఆ కాలంలోనే ఉన్నాయి. కాకపోతే అప్పటివాళ్ల లెక్కలో వించ్ ఛాసిస్‌కు చెందిన యంత్రం. అది బంపర్ సామానుగా మారడం తర్వాత జరిగింది. మన దేశంలో ఈ మార్పుల మీద నడుస్తున్న వాదంలో సమర్థించేవాళ్లూ, నిషేధించాలనేవాళ్లూ కూడా ఈ తేడాను పట్టించుకోవడం లేదని నా అభిప్రాయం.

యుద్ధకాలపు డాడ్జ్ ముప్పావు టన్ను బండ్లను చూస్తే విషయం తెలుస్తుంది. వించ్ లేనిదాన్ని డబ్ల్యూసీ-51 అన్నారు, ఉన్నదాన్ని డబ్ల్యూసీ-52 అన్నారు. అంటే ఫ్యాక్టరీ దృష్టిలో అవి రెండు వేర్వేరు మోడళ్లు. రెండోదాని ఛాసిస్ దూలాలను ముందుకు పొడిగించి, ఆ పొడిగింపు మీద వించ్‌ను కూర్చోబెట్టారు. బంపర్ దానికి ముందు వచ్చింది. వించ్ తిరగడానికి కావలసిన బలం ఇంజన్ నుంచే, గేర్‌బాక్స్ పక్కన ఉండే పవర్ టేకాఫ్ ద్వారా, బండి కింద పొడవాటి షాఫ్టు మీదుగా వచ్చేది. ఆ షాఫ్టులో ఒక చిన్న పిన్ను ఉండేది, కావాలనే మెత్తటి లోహంతో చేసినది. లాగుతున్న బరువు హద్దు మీరితే ముందుగా తెగేది ఆ పిన్నే. తాడు తెగి మనిషి మీదికి రాకముందే, డ్రమ్ము పగలకముందే బలం ఆగిపోయేది. బలం ఏ దారిన వస్తుంది, ఎక్కడికి పోతుంది, ఎక్కడ ఆగాలి అన్న మూడు ప్రశ్నలకూ బండి ఫ్యాక్టరీ గేటు దాటకముందే జవాబులు సిద్ధంగా ఉన్నాయి.

చిన్న బండ్లలోనూ ఇదే పద్ధతి. 1948లో మార్కెట్లోకి వచ్చిన ల్యాండ్ రోవర్‌కు ఆ తరువాతి సంవత్సరాల్లో బిగించిన ముందు వించ్ నిలువుగా నిలబడే ఒక డ్రమ్ము. ఇంజన్‌ను చేత్తో తిప్పి స్టార్ట్ చేసే హ్యాండిల్ ఎక్కడ పట్టుకుంటుందో అక్కడి నుంచే, అంటే క్రాంక్‌షాఫ్టు ముందు కొస నుంచే, దానికి బలం అందేది. తాడును డ్రమ్ముకు రెండు మూడు చుట్లు చుట్టి, వదులు కొసను మనిషి చేత్తో బిగించి పట్టుకోవాలి. పట్టు వదిలితే చుట్లు జారతాయి, లాగడం ఆగుతుంది. నెమ్మదైన పద్ధతే, కానీ ప్రమాదం కనిపించిన క్షణంలో చెయ్యి వదిలితే చాలు. ఆ కాలపు పనిముట్లలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఇంత స్పష్టమైన విషయం ఎలా మరుగున పడింది? జీపు నిర్మాణమే దానికి మొదటి కారణం. విల్లీస్ జీపు బంపర్ అంటే ఛాసిస్ దూలాల కొసలకు నేరుగా బోల్టులతో బిగించిన ఉక్కు చానల్. దానికి తగిలించినది ఏదైనా ఛాసిస్‌కు తగిలించినట్టే. అక్కడ బంపర్‌కూ ఛాసిస్‌కూ తేడా కంటికి ఆనదు. రెండో కారణం కరెంటు. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన జీపుల కోసం ఆర్థర్ వార్న్ 1948లో సియాటిల్‌లో, ముందు చక్రాలను అవసరమైనప్పుడే ఇంజన్ బలానికి కలిపే లాకింగ్ హబ్‌ల కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీయే 1959లో వినోదానికి తిరిగే బండ్ల కోసం బ్యాటరీతో నడిచే వించ్‌ను తెచ్చింది. 1974లో వచ్చిన 8274 మోడల్ పేరులోనే 8,000 పౌండ్ల లాగుడు, ఆ సంవత్సరం రెండూ ఉన్నాయి. ఇక షాఫ్టు అక్కర్లేదు, పవర్ టేకాఫ్ అక్కర్లేదు. నాలుగు బోల్టులు, బ్యాటరీకి రెండు లావుపాటి వైర్లు, అంతే. ఇంజన్ ఆగిపోయినా కాసేపు లాగుతుంది. మడుగులో మునిగిన బండికి అది చిన్న మేలు కాదు. ఆ సౌకర్యంతోనే వించ్ బిగింపు ఇంజనీరు బల్ల మీద నుంచి వీధి చివరి వెల్డింగ్ షాపుకు చేరింది. 1980లో అమెజాన్ అడవిలో మొదలైన క్యామెల్ ట్రోఫీ లాంటి పోటీలు, వాటి వెనకున్న సిగరెట్ ప్రకటనలు ముందు వించ్ ఉన్న బండిని సాహసానికి గుర్తుగా ప్రపంచమంతా తిప్పాయి.

ఆ నాలుగు బోల్టుల దగ్గర కాస్త ఆగాలి. మధ్యతరహా వించ్‌లలో చాలావాటికి బోల్టుల మధ్య దూరం అడ్డంగా 10 అంగుళాలు, నిలువుగా 4.5 అంగుళాలు. 9,500 పౌండ్ల వించ్ పూర్తి బలంతో లాగితే దాదాపు 4,300 కిలోల బలం ఆ చిన్న చోటు మీద పడుతుంది. చెట్టు బండికి ఎదురుగా కాక పక్కగా ఉంటే దాదాపు భారమంతా ఒకవైపు దూలం మీదికే వస్తుంది. డ్రమ్ము మీద మొదటి చుట్ల వరసలో ఉన్నప్పుడే వించ్ తన పూర్తి బలం చూపుతుంది, పైవరసలకు పోయేకొద్దీ అది తగ్గుతుంది. అందుకే తెలిసినవాళ్లు తాడును చాలా దూరం విప్పి, అవసరమైతే మధ్యలో కప్పీ వేసి లాగుతారు. కప్పీ వేస్తే బలం దాదాపు రెట్టింపవుతుంది, కప్పీని కట్టిన చెట్టు మీద భారమూ అంతే పెరుగుతుంది. ఇదంతా తట్టుకోవలసింది రెండు దూలాలను కలుపుతూ లోపల అడ్డంగా పడే మందపాటి ప్లేటు. బయట కనిపించే బంపర్ దాన్ని కప్పి ఉంచితే చాలు.

ఈలోగా బంపర్ కూడా మారిపోయింది. ఢీకొన్నప్పుడు బండి ముందుభాగం నలిగి, లోపలివాళ్లకు తగిలే దెబ్బను తగ్గించాలన్న ఆలోచనతో 1959లో మెర్సిడెస్ కార్లు వచ్చాయి. 1973 మోడల్ కార్ల ముందు బంపర్ గంటకు 5 మైళ్ల వేగంలో గుద్దుకున్నా దెబ్బ తట్టుకోవాలని అమెరికా నిబంధన పెట్టింది. జీపుల తరగతి బండ్లు ఆ నిబంధన కిందికి రాలేదు. అయినా ఎయిర్‌బ్యాగులు వచ్చాక వాటికీ లెక్కప్రకారం నలిగే ముందుభాగం తప్పలేదు. ఎయిర్‌బ్యాగు ఎప్పుడు విచ్చుకోవాలో నిర్ణయించే సెన్సర్లు బండి వేగం ఎంత త్వరగా పడిపోతుందన్న లెక్క మీద పనిచేస్తాయి, అది ముందుభాగం నలిగే తీరును బట్టి ఉంటుంది. నలగవలసిన చోట నలగని ఉక్కు దిమ్మ పెడితే ఆ లెక్క తప్పుతుంది. గుద్దుకున్న పాదచారి సంగతి ఇంకా ఘోరం. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బంపర్ ముందు బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్లు చట్టవిరుద్ధమంటూ రాష్ట్రాలకు లేఖ రాసింది ఈ కారణంతోనే. 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌ను వివరిస్తూ తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని మార్చకూడదన్నది. అదే ఏడాది చట్ట సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు వచ్చాయి.

పాత జీపులకు లేని గొడవ ఇప్పుడెందుకని అడిగేవాళ్లకు జవాబు పైనే ఉంది: ఆ జీపు బంపర్ చేసిన పని ఒకటి, ఇప్పటి బంపర్ చేయవలసిన పని వేరొకటి. మన నల్లరేగడి పొలాల్లో బండి దిగబడితే ఫోన్ చేస్తే ట్రాక్టర్ వస్తుంది, వించ్ ఎందుకన్నది ఇంకో వాదం. ఊరి పొలిమేరలో అది నిజమే. అరకు, మారేడుమిల్లి వైపు అడవి దారుల్లో, వరదల్లో, రాత్రిపూట ట్రాక్టర్ రాని చోటే వించ్ అవసరం. పైగా ట్రాక్టర్‌కు తాడు కట్టి గుంజడం కంటే నెమ్మదిగా లాగే వించ్ సురక్షితం, వాడటం తెలిసి ఉంటే. బండిని మార్చకుండా చేత్తో లాగే టిర్ఫర్ లాంటి పరికరాన్ని వెంట పెట్టుకోవచ్చు కదా అన్నది వీటిలో గట్టి వాదం. ఏడాదికి రెండు మూడుసార్లు అడవికి వెళ్లేవాళ్లకు నిజంగా అదే చాలు, ముందు వించ్ వాళ్లకు దండగ. అటవీశాఖకు, సహాయ బృందాలకు, కొండల మీది ఎస్టేట్లలో రోజూ తిరిగేవాళ్లకు మాత్రం అది చాలదు.

మొత్తంగా నిషేధించడమొక్కటే దారి కాదని ఆస్ట్రేలియా అనుభవం చెబుతోంది. మెల్‌బోర్న్‌లో 1975లో మొదలైన ఏఆర్‌బీ లాంటి కంపెనీలు ఎయిర్‌బ్యాగుల లెక్క చెడకుండా నలిగే మౌంటులతో వించ్ బంపర్లు చేశాయి. ఆ దేశంలో అలాంటి ముందు రక్షణ నిర్మాణాలకు ప్రమాణం కూడా వచ్చింది. మన దగ్గర అలాంటి ప్రమాణం లేకపోవడంతో మెరిసే గొట్టాలు బిగించుకున్న నగర బండి, ఛాసిస్ ప్లేటు మీద సరిగ్గా అమర్చిన అటవీశాఖ బండి చట్టం కళ్లకు ఒకే నేరంగా కనిపిస్తున్నాయి. పరీక్షించి ధ్రువీకరించిన మౌంటును ఆర్‌సీలో నమోదు చేసే పద్ధతిని రవాణా శాఖ తీసుకురావాలి. అంతవరకు రోడ్డు మీద నడిపే బండికి ఎవరూ బంపర్ కోయించకపోవడమే మంచిది. పోటీ మైదానానికి ట్రైలర్ మీద తీసుకెళ్లే బండికైనా, ఫ్యాబ్రికేటర్‌ను ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: వించ్ ప్లేటు ఛాసిస్‌కు ఎక్కడ, ఎన్ని బోల్టులతో పడుతుంది? జవాబు చెప్పలేని షాపులో బండి వదలకండి.