స్క్రీడ్ పంపు: ఎండ ప్రాంతంలో వినియోగం, నిర్వహణ, భద్రత

స్క్రీడ్ పంపు అనేది నేల బెడ్డుకు కావలసిన సిమెంటు మాలును కలిపి, హోస్ పైపు గుండా పని జరిగే అంతస్తుకు చేర్చే యంత్రం. టైల్సు, బండలు పరిచే ముందు శ్లాబు మీద మట్టం కోసం వేసే మాలు పొరను తాపీ పనివారు బెడ్డు అంటారు. అనంతపురం పీఠభూమిలో తాడిపత్రి బండలు పరిచిన మామూలు ఇంటికి ఈ పని తట్ట, పారలతోనే సాగిపోతుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలైన కియా కార్ల కర్మాగారం లాంటి భారీ కట్టడాల్లోనూ, ఎత్తైన అపార్టుమెంట్లలోనూ విశాలమైన నేల అంతా ఒకే మట్టానికి రావాలి, మాలు బిగుసుకోకముందే పైకి చేరాలి. పంపు అవసరం అక్కడ వస్తుంది.

ఈ పంపులు ముఖ్యంగా రెండు రకాలు. పలుచగా పారే మాలుకు స్క్రూ పంపు వాడతారు. రబ్బరు గొట్టంలో మెలికల ఇరుసు తిరుగుతూ మాలును ముందుకు నెడుతుంది. ఈ సూత్రాన్ని ఫ్రెంచి ఇంజనీరు రెనె మొయినో 1930 ప్రాంతంలో రూపొందించాడు. ముద్దగా, పొడిపొడిగా ఉండే బెడ్డు మాలుకు గాలి ఒత్తిడి పంపు వాడతారు. దీనిలో మూత ఉండి లోపల రెక్కలు తిరిగే పాత్ర, కంప్రెసర్, డీజిల్ ఇంజను ఉంటాయి. కంప్రెసర్ గాలి మాలును ముద్దలు ముద్దలుగా విడదీసి పైపులోకి తోస్తుంది. పైపు చివర ముక్కాలి స్టాండు గాలి వేగాన్ని అణచి మాలును నేల మీదికి దించుతుంది. ప్రమాదాల విషయంలో ఎక్కువ జాగ్రత్త కోరేది ఈ రెండో రకమే.

దానికి కారణం గాలి స్వభావంలో ఉంది. నీరు ఒత్తిడికి పెద్దగా కుదించుకోదు కాబట్టి కప్లింగ్ ఊడగానే ఒత్తిడి దాదాపు వెంటనే పడిపోతుంది. గాలి కుదించుకుని శక్తిని దాచుకుంటుంది, దారి దొరకగానే పేలినట్టు వ్యాకోచిస్తుంది. లోపలి వ్యాసం 65 మిల్లీమీటర్లున్న పైపులో 6 బార్ల ఒత్తిడి ఉంటే, అడ్డం పడిన ముద్ద మీద సుమారు 200 కిలోల బలం పనిచేస్తున్నట్టు లెక్క. ఆ స్థితిలో కప్లింగ్ విప్పితే మాలు, రాళ్లు ముఖానికి తగులుతాయి, పైపు కొరడాలా ఎగిరి మనిషిని పడగొడుతుంది. కాబట్టి ఈ యంత్రం దగ్గర భద్రత అంటే అన్నిటికన్నా ముందు పైపు అడ్డుపడకుండా చూడటం, అడ్డుపడితే ఒత్తిడి సున్నా అయ్యేదాకా చెయ్యి పెట్టకపోవడం.

అనంతపురం వాతావరణం ఈ అడ్డంకులను పెంచుతుంది. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే పడే ఈ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీలు దాటుతుంది. వేడి వాతావరణంలో కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 7861 మొదటి భాగం హద్దుగా పెట్టుకున్నది కూడా 40 డిగ్రీలే. జూన్ తర్వాత వీచే పొడిగాలి మాలులోని తేమను లాగేస్తుంది. ఎండలో పడి ఉన్న నల్ల రబ్బరు పైపు లోపల మాలు ఇంకా తొందరగా బిరుసెక్కుతుంది. అందుకే పంపింగ్ తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించడం మేలు. పైపును నీడలో పరిచి, నీడ లేనిచోట తడి గోనెసంచులు కప్పాలి. ఇసుక కుప్ప, నీళ్ల డ్రమ్ము కూడా నీడలోనే ఉండాలి. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ మాలును పైపులో వదిలేయడమంటే ప్రమాదాన్ని చేతులారా తెచ్చుకోవడమే.

ఇసుక సంగతీ పట్టించుకోవాలి. పెన్న, చిత్రావతి ఇసుక గుండ్రని రేణువులది కనుక పైపులో సులువుగా జారుతుంది. గ్రానైటు క్రషర్ల నుంచి వచ్చే రాతి ఇసుక రేణువులు కోసుగా, పలకలుగా ఉండి రాపిడి పెంచుతాయి. అది వాడక తప్పనప్పుడు జల్లెడ పట్టి, పెద్ద ముక్కలు తీసేసి, కొత్త నిష్పత్తిని తక్కువ పొడవు పైపులో ముందు పరీక్షించాలి. ఇక నీటి విషయానికొస్తే, బోరు నీటిలోని ఫ్లోరైడు తాగేవారికి ముప్పు, మాలుకు దానివల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదు. మాలుకు చెరుపు చేసేవి ఉప్పు, సల్ఫేటు. ఉక్కు లేని కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 2000 మిల్లీగ్రాములు మించరాదనీ, పీహెచ్ 6 కంటే తగ్గరాదనీ ఐఎస్ 456:2000 చెబుతుంది. బెడ్డు మాలు విషయంలోనూ ఆ హద్దులే దారి చూపుతాయి.

పని మొదలుపెట్టే ముందు యంత్రాన్ని గట్టి, సమమైన నేల మీద నిలిపి చక్రాలకు అడ్డు పెట్టాలి. పైనుంచి ఏదీ పడని చోటు, ఇంజను పొగ గదుల్లోకి పోని చోటు ఎంచుకోవాలి. ఆయిలు, డీజిలు, ప్రెషర్ గేజీ, సేఫ్టీ వాల్వు, మూత రబ్బరు, కప్లింగ్ వాషర్లు చూడాలి. ఉబ్బిన, చీలిన, తీగ బయటపడిన పైపును పక్కన పడేయాలి. నిలువుగా ఎక్కే పైపును ప్రతి అంతస్తులో కట్టాలి. ముక్కాలి స్టాండును కదలకుండా నిలపాలి.

మొదట సిమెంటు పాలు పోసి పైపు లోపలి గోడలను జారుడుగా చేస్తారు. తర్వాత పాత్రలో సగం ఇసుక, సిమెంటు, నీరు, మిగతా ఇసుక వరుసగా వేసి కలుపుతారు. మాలును పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. మూత బిగించాకే గాలి వదలాలి. గేజీ ముల్లు ఒక్కసారిగా పడిపోతే ఆ వాయి పైకి చేరినట్టు. ముల్లు పెరుగుతూ మాలు రాకపోతే పైపు అడ్డుపడినట్టు. పంపు నడిపేవాడికీ, పైన పైపు పట్టిన మేస్త్రీకీ మధ్య ముందే ఒప్పుకున్న సైగలో, వాకీటాకీయో ఉండాలి. ఆపమన్న మాట ఎవరి నోట వచ్చినా యంత్రం ఆగాలి.

అడ్డుపడినప్పుడు ఇంకాస్త గాలి వదిలి చూద్దామనే తొందర పుడుతుంది. సైట్లలో జరిగే గాయాలకు దారితీసేది ఆ తొందరే. గాలి కట్టేసి, వెంటు వాల్వు తెరిచి, గేజీ సున్నా చూపాక కూడా పైపులో ముద్ద వెనకాల గాలి చిక్కుకుని ఉండవచ్చు. పైపును చేత్తో తట్టుతూ వెళ్తే గట్టిగా తగిలే చోటు తెలుస్తుంది. కప్లింగ్ మీద గోనెసంచి కప్పి, ముఖం పక్కకు తిప్పి, కళ్లద్దాలు పెట్టుకుని మెల్లగా వదులు చేయాలి. ముద్దను కొట్టి రాల్చాలి, నీటితో కడగాలి. గాలితో పేల్చరాదు.

పని ముగిశాక పాత్ర, రెక్కలు, పైపు వెంటనే కడగాలి. ఇంజను ఆపి, తాళం చెవి తీసి దగ్గర పెట్టుకున్నాకే పాత్రలో చెయ్యి పెట్టాలి. పైపు కడగడానికి స్పాంజి బంతిని పంపేటప్పుడు అవతలి చివర బంతిని పట్టే బుట్ట ఉండాలి, ఆ దారిలో మనిషి ఉండకూడదు. కడిగిన నీటిని గుంటలో నిలిపి, తేరిన తర్వాత యంత్రం కడగడానికే మళ్లీ వాడాలి. నీటి చుక్కకు విలువ ఉన్న ఈ సీమలో దాన్ని కాలువలోకి వదలడం తప్పు. అది క్షారం కాబట్టి పొలానికీ చేటు.

నిర్వహణలో ఇక్కడ ప్రత్యేకంగా చూడవలసినవి ఎయిర్ ఫిల్టరు, రేడియేటరు. దుమ్ము గాలుల రోజుల్లో ఫిల్టరును రోజూ తీసి చూడాలి. రేడియేటరులో బోరు నీళ్లు పోస్తే లోపల తెల్లటి గార కట్టి ఇంజను వేడెక్కుతుంది. శుద్ధి చేసిన నీరు, కూలెంటు పోయాలి. గ్రీజు రోజూ పెట్టాలి. అరిగిన రెక్కలను, స్క్రూ పంపులో అరిగిన రబ్బరు గొట్టాన్ని ఆలస్యం చేయకుండా మార్చాలి. పీడన పాత్రను అర్హత గల ఇంజనీరు చేత నిర్ణీత గడువుల్లో తనిఖీ చేయించాలి.

మనుషుల సంగతి యంత్రం కంటే ముందుంటుంది. తడి సిమెంటు చర్మాన్ని మెల్లగా కాలుస్తుంది. మంట తెలిసేసరికి పుండు పడిపోతుంది. గ్లౌజులు, గమ్ బూట్లు, చెవి రక్షణ, పొడి సిమెంటు వంచేవారికి దుమ్ము మాస్కు ఇవ్వడం కాంట్రాక్టరు బాధ్యత. నీడ, తాగునీరు, మధ్య మధ్య విరామం లేకుండా వేసవిలో ఈ పని చేయించరాదు. సేఫ్టీ వాల్వును తీగతో కట్టేసిన పంపును గానీ, గేజీ పనిచేయని పంపును గానీ ఎంత తొందర పని ఉన్నా నడపకూడదు.