ఔత్సాహికుల వేధశాలలు - వారసత్వం : ఒక చారిత్రక పరిశీలన

దక్షిణ భారతదేశంలో ఆధునిక ఖగోళ పరిశోధనకు తొలి పునాదులు వేసిన వారిలో ఔత్సాహికుల పాత్ర గణనీయమైనది. మద్రాసు వేధశాల సైతం 1786లో ఈస్టిండియా కంపెనీ అధికారి విలియం పెట్రీ ఎగ్మూరులోని తన నివాసంలో సొంత పరికరాలతో ప్రారంభించినదే. దానిని కంపెనీ స్వీకరించి, 1792లో నుంగంబాకంలో శాశ్వత భవనం నిర్మించింది. వ్యక్తి అభిరుచితో మొదలైన వేధశాల ఆ వ్యక్తి అనంతరం ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు తెలుగు ప్రాంతంలోని రెండు వేధశాలల చరిత్ర సమాధానమిస్తుంది.

మొదటిది విశాఖపట్నంలోనిది. జమీందారు గోడే వెంకట జగ్గారావు మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రం అభ్యసించి, 1840 ప్రాంతంలో డాబా గార్డెన్స్‌లో సొంత వేధశాలను నెలకొల్పారు. 1856లో ఆయన మరణానంతరం ఆ బాధ్యతను అల్లుడు అంకితం వెంకట నరసింగరావు స్వీకరించారు. 1871లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యత్వం పొందిన నరసింగరావు, 1874 నాటి శుక్రగ్రహ సంక్రమణాన్ని పరిశీలించారు. ఆయన 1892లో మరణించగా, 1894లో వేధశాల మద్రాసు ప్రభుత్వానికి అప్పగింపబడింది. మామ తరువాత అల్లుడు అందుకున్నంతకాలం సాగిన ఈ కృషి, పూర్తిగా కుటుంబ బంధంపైనే ఆధారపడింది.

రెండవది హైదరాబాదులోని నిజామియా వేధశాల. నవాబు జఫర్ జంగ్ ఇంగ్లాండు నుండి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో వేధశాలకు శ్రీకారం చుట్టారు. దానికి నిజాం పేరు పెట్టేందుకు అనుమతి కోరుతూనే, తన మరణానంతరం ప్రభుత్వం దానిని స్వీకరించాలనీ అభ్యర్థించారు. 1907లో ఆయన మరణించగా, మరుసటి సంవత్సరం ప్రభుత్వం వేధశాలను స్వీకరించింది. తొలి సంచాలకులు ఆర్థర్ చాట్‌వుడ్ కాలంలో అది బేగంపేటకు తరలింది.

అయితే వేధశాలకు అంతర్జాతీయ గుర్తింపు తెచ్చినది నవాబు కొన్న పెద్ద దూరదర్శిని కాదు. 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్. 1887లో పారిస్ సమావేశం చేపట్టిన ఆకాశ చిత్రీకరణ పథకంలో చిలీలోని శాంటియాగో వేధశాల పూర్తిచేయలేకపోయిన దక్షిణ 17 నుండి 23 డిగ్రీల మండలం హైదరాబాదుకు దక్కింది. రాబర్ట్ పోకాక్, ఆయన తరువాత టి.పి. భాస్కరన్ ఆధ్వర్యంలో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు నమోదయ్యాయి. గ్రబ్ దూరదర్శిని మాత్రం భాస్కరన్ కాలంలో, 1922లో గాని వినియోగంలోకి రాలేదు. అంటే, వేధశాలకు మూలమైన పరికరమే రెండు దశాబ్దాలు నిరీక్షించింది. విలువైన దూరదర్శిని ఉన్నంత మాత్రాన వేధశాల ఏర్పడదనీ, దానికి నిర్దిష్టమైన పరిశోధన ప్రణాళిక, దానిని నిర్వహించే సిబ్బంది తప్పనిసరి అనీ ఈ జాప్యం నిరూపిస్తుంది.

1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలోకి రావడంతో నిజామియాకు బోధనా వారసత్వం కూడా లభించింది. అక్కడ సహాయకుడిగా పనిచేసిన ఉద్యోగి కుమారుడు వేణు బప్పు ఆ ఆవరణలోనే ఆకాశాన్ని చూడడం నేర్చుకొని, అనంతరం భారతీయ ఖగోళశాస్త్రానికి మార్గదర్శకులయ్యారు. 1968లో రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని ప్రారంభమైంది.

కాబట్టి జఫర్ జంగ్ కృషిలో దూరదర్శిని కొనుగోలు కన్నా, తన తరువాత దాని బాధ్యతను ఎవరు వహించాలో ముందే నిర్ణయించిన దూరదృష్టి ప్రధానమైనదని చెప్పవచ్చు.