పెద్దమ్మ కాలు చరిత్ర

మా ఊరికి రక్తం తీసేవాళ్లు రాత్రిపూట వచ్చేవాళ్లు. 1980ల మొదట్లో సంగతి, నాకప్పుడు పదేళ్లుంటాయి. జగిత్యాల దగ్గరి మా ఊరు అప్పట్లో కరీంనగర్ జిల్లాలో ఉండేది. తొమ్మిది దాటాక ఇద్దరు మగవాళ్లు బ్యాటరీ లైట్లతో వాకిట్లోకి వచ్చి, నిద్రపోతున్నవాళ్లను లేపి, వేలికి సూది గుచ్చి, గాజుపలక మీద రక్తపు చుక్క రాసుకుని పోయేవాళ్లు. మా వాడలో ఆడవాళ్లు చాలామంది లోపలి అర్రలోకి పోయి తలుపు పెట్టుకునేవాళ్లు. ఆ రాత్రివేళ పరాయి మగవాడి చేతికి వేలెట్లా ఇస్తారు?

పెద్దమ్మ మాత్రం ఇచ్చింది. ఆమె కుడికాలు అప్పటికే మోకాలి కింద నుంచి స్తంభంలా లావైపోయింది. రెండో కాన్పు తర్వాత మొదలైందట. నెలకోసారి చలిజ్వరం వచ్చేది, గజ్జల్లో బిళ్లలు కట్టేవి, కాలు ఎర్రబడి కాలిపోయేది. జ్వరం తగ్గేది, వాపు మాత్రం కొంచెం మిగిలేది. నాట్లకు పోయి బురదలో నిలబడితే మర్నాటికి మంచం పట్టేది. అందుకని పొలం పని మాని బీడీల పనిలోకి వచ్చింది. ఒడిలో చాట పెట్టుకుని కూర్చుంటే చీర కుచ్చిళ్ల కింద కాలు కనపడదు. అదీ ఆమెకు కలిసొచ్చిన సంగతే.

కొన్నాళ్లకు ఫలితం వచ్చింది. పెద్దమ్మ రక్తంలో పురుగు లేదు. పెద్దబాపు రక్తంలో ఉంది. ఆయన కాళ్లు రెండూ చక్కగా ఉన్నాయి.

ఇందులో వింతేమీ లేదని చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. బోదకాలు తెచ్చే పెద్ద పురుగులు ఒంట్లోని శోషరస నాళాల్లో గూడు కట్టుకుని కొన్నేళ్లపాటు బతుకుతాయి. వాటి పిల్లలే రాత్రిళ్లు రక్తంలోకి వస్తాయి. మురికినీటి దోమ వాటిని ఒకరి నుంచి తీసుకుని ఇంకొకరికి అంటిస్తుంది. పురుగులు చచ్చిపోయాక కూడా చెడిపోయిన నాళాలు బాగుపడవు. కాలు వాచేనాటికి చాలామంది రక్తంలో ఏమీ దొరకదు. ఇంకోవైపు, ఏ లక్షణమూ లేని మనిషి ఏళ్ల తరబడి ఊరంతటికీ రోగం పంచుతూ తిరగవచ్చు. పెద్దబాపుకు పన్నెండు రోజుల మాత్రలిచ్చారు. రెండ్రోజులు మింగి, జ్వరమొచ్చిందని అవతల పడేశాడు. తర్వాతి ఏడాది గోదావరి అవతల, ఆదిలాబాద్ జిల్లా లక్సెట్టిపేట వైపు నుంచి రెండో భార్యను తెచ్చుకున్నాడు. చెప్పిన కారణం పెద్దమ్మ కాలు.

ఈ రోగం చరిత్ర రాసినవాళ్లు పాట్రిక్ మాన్సన్‌తో మొదలుపెడతారు. 1877లో చైనాలోని అమోయ్ రేవుపట్టణంలో ఆయన హిన్‌లో అనే తన తోటమాలిని దోమలతో కుట్టించి, ఆ దోమల కడుపు కోసి, పురుగు అక్కడ ఎదగడం చూశాడు. దోమ మనిషి రోగాన్ని మోస్తుందని తెలియడానికి అదే మొదలు. పేరు డాక్టరుకు వచ్చింది. రక్తం మాత్రం పనివాడిది.

పెద్దబాపు అవతల పారేసిన మాత్రకు మనకు దగ్గరి చరిత్ర ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులు వేలమంది ఈ రోగం అంటించుకున్నారు. అప్పుడుగానీ మందు కోసం గట్టి వెతుకులాట జరగలేదు. (కరీంనగర్ కాళ్ల కోసం ఎవరు వెతుకుతారు?) న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో ఆ పరిశోధన నడిపించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పత్తి ఎలుకల్లోనూ కుక్కల్లోనూ పరీక్షించి, 1947లో హ్యూయిట్ తదితరులతో కలిసి డి.ఇ.సి.ని ప్రకటించారు. అదే హెట్రజాన్. గాజుగొట్టంలో ఈ మందు పురుగును పెద్దగా ఏమీ చెయ్యదు. ఒంట్లోకి వెళ్లాక మన రోగనిరోధక శక్తితో కలిసి పిల్లపురుగులను తుడిచేస్తుంది. మరుసటి ఏడాదే, 53 ఏళ్లకు, సుబ్బారావు చనిపోయారు.

ఆయన గురించి చదివినప్పుడల్లా నేను ఇద్దరు ఆడవాళ్ల దగ్గర ఆగిపోతాను. ఒకరు తల్లి వెంకమ్మ. తాళి అమ్మి కొడుకును మద్రాసుకు చదువుకు పంపిందని ఆయన జీవితకథలు చెబుతాయి. ఇంకొకరు భార్య శేషగిరి. 1919లో పెళ్లయింది. 1923లో ఆయన బోస్టన్ చేరాడు, మళ్లీ తిరిగి రాలేదు. ఇక్కడ కొడుకు పుట్టాడు, తండ్రి చూడకుండానే పసితనంలో పోయాడు. ఆమె పాతికేళ్లు ఎదురుచూసింది. ఆయన్ను తక్కువ చెయ్యాలని కాదు. ఆయన మందు కోట్లమంది మింగారు, నేనూ మింగాను. కానీ ఆ మాత్ర ధరలో ఆ ఇద్దరి బతుకులు కూడా కలిసున్నాయని ఎక్కడైనా రాయాలి కదా.

2004 నుంచి దేశంలో రోగమున్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ ఈ మాత్రలు పంచారు. పెద్దవాళ్లకు మూడు డి.ఇ.సి., ఒక ఆల్బెండజోల్. గర్భిణులకూ రెండేళ్లలోపు పిల్లలకూ ఇవ్వరు. నూటికి కనీసం 65 మంది వరసగా ఐదేళ్లయినా మింగితే తప్ప రోగం ఆగదు. ఆ మింగించే పని ఎవరిది? అంగన్‌వాడీ టీచర్లది, తర్వాత ఆశా కార్యకర్తలది. మా చెల్లెలు అంగన్‌వాడీ టీచరు. ఇల్లిల్లూ తిరిగేది. "మాకేం రోగమున్నది?" అని మగవాళ్లు మాత్రలు కిటికీలో పెట్టేవాళ్లు. తిన్నాకే మింగాలి కాబట్టి, అందరికీ పెట్టి తాము తినేసరికి మూడయ్యే ఆడవాళ్ల కోసం చెల్లెలు మళ్లీ వెళ్లేది. తార్నాకలోని ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞులు 2004-07 మధ్య కరీంనగర్ జిల్లాలో పరిశోధించి, ఈ రోగానికీ పేదరికానికీ ఉన్న సంబంధాన్ని 2012లో ప్రచురించారు. మోరీ పక్క ఇల్లున్న మా చెల్లెలికి అది కొత్త విషయం కాదు.

పెద్దమ్మ ప్రతి ఏడూ మూడు మాత్రలు మింగేది. "కాలు తగ్గుతదా బిడ్డా?" అని అడిగేది. చెల్లెలి దగ్గర జవాబు లేదు. మాత్ర ఊరికోసం. కాలుకోసం కాదు. పట్నంలో ఒక డాక్టరు కూడా బల్ల అవతలి నుంచే చూసి, ఇంక చేసేదేమీ లేదన్నాడు.

చేసేది ఉంది. అది బయటపెట్టినవాళ్లలో ముఖ్యురాలు ఒక స్త్రీ, బ్రెజిల్‌లోని రెసిఫే నగరపు డాక్టర్ జెరూసా డ్రెయర్. మళ్లీ మళ్లీ వచ్చే ఆ చలిజ్వరాలకు చాలావరకు కారణం పురుగు కాదని, వేళ్ల సందుల్లోని పుండ్లలోంచి దూరే మామూలు బాక్టీరియా అని ఆమె బృందం 1990లలో చూపించింది. కాలును లావు చేసుకుంటూ పోయేది ఆ జ్వరాలే. అంటే సబ్బుతో కడగాలి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడవాలి, పుండుకు మందు రాయాలి, కాలు ఎత్తులో పెట్టుకోవాలి. రోగులు కలిసి కూర్చుని ఇవన్నీ ఒకరి నుంచి ఒకరు నేర్చుకునేందుకు ఆమె ఆశా క్లబ్బులు పెట్టింది.

ఈ సంగతి నాకు 2009లో ఒక ఆరోగ్య శిక్షణలో తెలిసింది. ఊరికి వెళ్లి సబ్బు, మెత్తటి బట్ట తీసుకుని పెద్దమ్మ ముందు కూర్చున్నాను. ఆమె కాలు వెనక్కి లాక్కుంది.

"అంటుకోకు. వాసనొస్తది."

"రానీ పెద్దమ్మా."

చాలాసేపటికి ఇచ్చింది. ముప్ఫై ఏళ్లలో ఆ కాలును ఇంకొక మనిషి ముట్టుకోవడం అదే మొదటిసారట. తర్వాత తనే కడుక్కునేది. ఆరు నెలలకు జ్వరాలు తగ్గాయి, వాసన పోయింది. కాలు సన్నబడలేదు. ఎత్తులో పెట్టుకొమ్మంటే నవ్వేది. కాలు మంచం మీద పెడితే వెయ్యి బీడీలు ఎవరు చుడతారు?

2016లో పోయింది. 2018లో తెలంగాణ ప్రభుత్వం బోదకాలు బాధితులకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలుపెట్టింది. 2019లో దాన్ని 2016 రూపాయలు చేసింది. పేర్లు రాసుకునే రోజు చెల్లెలితోపాటు నేనూ వెళ్లాను. మా ఊళ్లో నేనెప్పుడూ చూడని కాళ్లు చూశాను. నలభై ఏళ్లుగా తెలిసిన ముఖాలు, చీర కుచ్చిళ్లు పైకెత్తి వరసలో నిలబడి ఉన్నాయి. ఒకామె నన్ను గుర్తుపట్టి, మీ పెద్దమ్మ ఏ సబ్బు వాడేది అని అడిగింది.