భారతదేశంలో నిర్బంధ సైనిక శిక్షణ

శాంతికాలంలో పౌరులను బలవంతంగా సైన్యంలో చేర్చుకునే చట్టం స్వతంత్ర భారతదేశంలో ఏనాడూ లేదు. అంతకుముందు రెండో ప్రపంచయుద్ధంలో కూడా సుమారు 25 లక్షల మంది భారతీయులు స్వచ్ఛందంగానే చేరారు. రాజ్యాంగం మాత్రం ఈ దారిని పూర్తిగా మూసెయ్యలేదు. వెట్టిచాకిరిని నిషేధించిన 23వ అధికరణమే ప్రజాప్రయోజనం కోసం నిర్బంధ సేవ విధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. అయితే మతం, జాతి, కులం, వర్గం ఆధారంగా వివక్ష చూపకూడదంది.

హృదయనాథ్ కుంజ్రూ కమిటీ సిఫార్సుల మీద 1948లో నేషనల్ క్యాడెట్ కోర్ (ఎన్‌సీసీ) ఏర్పడింది. అందులో చేరడం ఐచ్ఛికం. క్యాడెట్ అయినంత మాత్రాన యుద్ధానికి వెళ్లాల్సిన బాధ్యత ఉండదని చట్టమే చెప్పింది.

1962 చైనా యుద్ధం ఈ పద్ధతిని తలకిందులు చేసింది. ఓటమి అవమానంతో దేశం ఉడికిపోతుండగా, 1963లో కాలేజీ అబ్బాయిలకు ఎన్‌సీసీని తప్పనిసరి చేశారు. యువతకు క్రమశిక్షణ వస్తుంది, ఆపదలో అక్కరకొస్తారు అన్నది సమర్థకుల వాదన. ఆ ఆవేదన నిజమైనదే, కానీ మందు మాత్రం తప్పు. ఆ యుద్ధంలో నామ్‌కా చూ లోయలో మన జవాన్లు పలుచని నూలు దుస్తులతో, పాత .303 రైఫిళ్లతో, మనిషికి యాభై తూటాలతో చలిలో నిలబడ్డారు. వాళ్లకు కావలసింది ఉన్ని కోట్లు, రోడ్లు, ఆయుధాలు. ఊళ్లో కాలేజీ మైదానంలో లక్షల మంది కవాతు చేస్తే ఆ కొరత తీరదు. పైగా అంతమందికి శిక్షణ ఇవ్వడానికి సరిపడా అధికారులు, సామగ్రి దొరకడం కష్టమైంది.

భాషా వివాదం దీనికి తోడైంది. కవాతులో ‘సావధాన్’, ‘విశ్రామ్’ వంటి ఆదేశాలు హిందీలో ఉండేవి. 1968 జనవరిలో మద్రాసు శాసనసభ త్రిభాషా సూత్రంతో పాటు ఎన్‌సీసీలో హిందీ ఆదేశాలను కూడా తిరస్కరిస్తూ తీర్మానించింది. అదే ఏడాది కేంద్రం ఎన్‌సీసీని మళ్లీ ఐచ్ఛికం చేసింది. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) మొదలైంది. దీంతో గ్రామసేవ, శ్రమదానం విద్యార్థుల ముందు మరో దారిగా నిలిచాయి.

తర్వాత కూడా చర్చ ఆగలేదు. దేశరక్షణకు, పిలుపు వస్తే జాతీయ సేవకు సిద్ధపడటం పౌరుల విధి అని 1976లో 51ఎ అధికరణం చేర్చారు. ప్రభుత్వ గెజిటెడ్ ఉద్యోగాల్లోకి రావాలనుకునేవారికి ఐదేళ్ల సైనిక సేవ తప్పనిసరి చేయాలని 2018లో రక్షణ వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం కోరినా, అది అమలు కాలేదు. 2022లో వచ్చిన నాలుగేళ్ల అగ్నిపథ్ పథకంలో చేరడం కూడా యువకుల ఇష్టమే.