తఖల్లుస్ నుంచి యూజర్‌నేమ్ దాకా

పేరు పెట్టుకునే హక్కు ఎవరిది? పుట్టినప్పుడు మనల్ని అడిగి ఎవరూ పేరు పెట్టరు. చెవిలో అజాన్ చెప్పి, ఏ దాదా పేరో, ఏ పీర్ సాబ్ పేరో పెట్టేస్తారు. బడి రిజిస్టరు, రేషన్ కార్డు, ఓటర్ల జాబితా, చివరికి ఖబ్రస్తాన్‌లో రాయి, అన్నింటి మీదా అదే పేరు. తనకు తానే పేరు పెట్టుకునే అవకాశం ఒకప్పుడు కొద్దిమందికే ఉండేది. కవులకు, సినిమా వాళ్లకు, సన్యాసులకు, అజ్ఞాతంలోకి వెళ్లిన వాళ్లకు. కంప్యూటరూ సెల్‌ఫోనూ వచ్చాక ఆ అవకాశం అందరికీ వచ్చింది. తెర మీద 'యూజర్‌నేమ్' అని ఒక ఖాళీ గడి. దాని పక్కన బొమ్మ పెట్టుకోవడానికి గుండ్రటి జాగా.

ఆ గడి ముందు చాలామంది ఆగేది, కోరుకున్న పేరు ఇంకెవరైనా తీసుకున్నారేమోనని. ఒక ముస్లిం ఆగేది మరో ప్రశ్న దగ్గర. నేను ఎవరో తెలియనివ్వాలా, వద్దా? ఈ రెండు ఆగడాల మధ్య ఉన్న తేడాకు చరిత్ర ఉంది. ఆ చరిత్ర ఇంటర్నెట్ కంటే చాలా పాతది.

ఉర్దూ కవి పెట్టుకునే కలం పేరును తఖల్లుస్ అంటారు. ఆ మాట పుట్టిన అరబీ ధాతువుకు విడుదల కావడం, బయటపడటం అని అర్థం. ఖలాస్, ఖాలిస్, ఇఖ్లాస్, ఖులాసా అన్నీ ఆ ధాతువు బిడ్డలే. తెలుగువాళ్లు "కులాసాగా ఉన్నారా" అని అడిగే కులాసా కూడా అక్కడి నుంచి వచ్చిందే. అంటే తఖల్లుస్ ముసుగు కాదు. తల్లిదండ్రులు ఇచ్చిన పేరు నుంచి, వంశం నుంచి, హోదా నుంచి కవి కాసేపు విడుదల కావడం. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో 'మఆనీ' అని రాసుకున్నాడు. మఆనీ అంటే అర్థాలు. మీర్జా అసదుల్లా ఖాన్ మొదట 'అసద్' అని రాసి, తర్వాత 'గాలిబ్' అయ్యాడు. హైదరాబాద్‌లో నిజాం దర్బారు 'మహ్ లఖా' అని బిరుదు ఇచ్చిన కవయిత్రి (1768-1824) తన గజల్‌లో మాత్రం బిరుదును పక్కనపెట్టి 'చందా' అనే సంతకం చేసుకుంది. ఆమె సమాధి మౌలాలి గుట్ట పాదాల దగ్గర ఇప్పటికీ ఉంది.

తఖల్లుస్‌లో ఇంకో గుణం కూడా ఉంది. అది మతం చెప్పదు. హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమంత్రిగా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్ (1864-1940) ఉర్దూలో 'షాద్'. రఘుపతి సహాయ్ 'ఫిరాఖ్' గోరఖ్‌పురి. రతన్‌నాథ్ 'సర్షార్'. ముషాయిరాలో షమా ముందు కూచున్న మనిషి షేర్ బాగుంటే వాహ్ అన్నారు, బాగుండకపోతే ఊరుకున్నారు. మతం ఎవరికీ తెలియక కాదు, అందరికీ తెలుసు. తెలిసినా దాంతో పని లేకపోయింది. పేరు వెనుక ఉన్న మతం తెలిసి కూడా దాంతో పని లేని చోటు ఒకప్పుడు ఈ నేల మీద ఉండేది. దాన్ని గుర్తు పెట్టుకుని ముందుకు వెళదాం.

చదువుకున్న వాళ్ల ముషాయిరాల్లోనే ఇలా ఉండేదనుకుంటే పొరపాటు. మన పల్లెలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. నెల్లూరు జిల్లా కసుమూరు మస్తాన్‌వలి దర్గాకు మొక్కుకుని పుట్టిన హిందువుల బిడ్డలు మస్తానయ్య, మస్తానమ్మ అయ్యారు. పాత నల్లగొండ జిల్లాలో, ఇప్పటి సూర్యాపేట వైపు, జాన్‌పహాడ్ దర్గా పేరు మీద సైదులు, సైదమ్మ ఇంటింటా ఉంటారు. అనంతపురం జిల్లా గూగూడు పీర్ల స్వామి పేరు కుళ్లాయప్ప. ఆ పేరు పెట్టుకున్న వాళ్లు రెండు మతాల్లోనూ ఉన్నారు. సముద్రం పక్కన తమిళనాడులో ఉన్న నాగూరు దర్గా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎంతోమందికి నాగూర్ అని పేరు పెట్టింది. అంతకుముందే తెలుగు కవులు గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షాను 'మల్కిభరాముడు' చేసుకున్నారు. అద్దంకి గంగాధరుడు ఆయనకే తన కావ్యం అంకితమిచ్చాడు. మల్కిభరాముడు అనే మాటలో ఎవరూ ఎవర్నీ మింగెయ్యలేదు. ఒక భాష ఒక పరాయి పేరును తన నోటికి అనువుగా మార్చుకుని సొంతం చేసుకుంది, అంతే.

పేరు పెట్టుకోవడంలో భయం ఎప్పుడు కలిసింది? ధన్‌పత్ రాయ్ అనే ఉపాధ్యాయుడు మొదట ఉర్దూలో 'నవాబ్ రాయ్' పేరుతో రాశాడు. ఆయన కథల పుస్తకం సోజె వతన్‌ను బ్రిటిష్ ప్రభుత్వం రాజద్రోహం కింద జప్తు చేసింది. 1910లో ఆయన 'ప్రేమ్‌చంద్' అయ్యాడు. అది సర్కారు భయం. తర్వాత వచ్చింది మార్కెట్ భయం. 1944లో 'జ్వార్ భాటా' సినిమాతో యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్‌గా తెర మీదికి వచ్చాడు. మహజబీన్ బానో మీనా కుమారి, ముంతాజ్ జహాన్ మధుబాల, హమీద్ అలీ ఖాన్ అజిత్ అయ్యారు. వీళ్లందరూ మతం దాచడానికే పేర్లు మార్చుకున్నారని అనలేం. కుటుంబ గౌరవం, చెవికి ఇంపు, నిర్మాతల ఇష్టం, అన్నీ ఉన్నాయి. హిందూ నటులూ పేర్లు మార్చుకున్నారు. కానీ పేరు మార్చుకుని ఖాన్ అయిన హిందూ హీరో ఎంతమంది? మార్పు ఏ వైపు జరిగిందో చూస్తే చాలు, అప్పటి తూకం ఎటు మొగ్గిందో తెలుస్తుంది.

మన తెలుగులోనే చూడండి. సత్తెనపల్లి నుంచి వెళ్లిన నాగూర్ బాబుకు ఇళయరాజా పెట్టిన పేరు 'మనో'. ఆ పేరుతోనే ఆయన పాట దక్షిణాది అంతా మోగింది. పెట్టింది ప్రేమతోనే, తీసుకుంది ఇష్టంతోనే. ఎదురు ప్రయాణం చేసిన వాళ్లూ ఉన్నారు. మద్రాసులో దిలీప్ కుమార్‌గా పుట్టిన సంగీత దర్శకుడు ఇస్లాం స్వీకరించి ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు. 1992లో 'రోజా' ఆ పేరుతోనే వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో బాబ్రీ మసీదు కూలింది. కూలిన ఆ ఏడే రెహమాన్ అనే పేరును దేశం అక్కున చేర్చుకుంది. ఇది కూడా మన చరిత్రే. ఒక్క మసీదు కూల్చివేతే చరిత్ర కాదు.

తెలుగు సాహిత్యంలో తొంభైల దశకం పేర్ల విషయంలో ఒక మలుపు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో ముస్లింవాద కవితా సంకలనం 'జల్‌జలా' వచ్చింది. అంతకుముందు ముస్లిం రచయితలు తెలుగులో లేరా? ఉన్నారు. పిఠాపురంలో ఉమర్ అలీషా వంటి మహాకవే ఉన్నాడు. కానీ ముస్లిం పేరుతో రాయడం వేరు, ముస్లింగా రాయడం వేరు. ఈ తరం ఆ రెండోదాన్ని ఎంచుకుంది. షేక్ యూసుఫ్ బాబా 'స్కైబాబ' అయ్యారు. ఇది దాచుకునే పేరు కాదు. సొంత పేరును విరిచి, అతికి, చేతిలో పట్టుకుని నిలబడిన పేరు. తఖల్లుస్ పాత అర్థానికి మళ్లీ ప్రాణం వచ్చిందన్నమాట.

సరిగ్గా ఆ కాలంలోనే, 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ఇంటర్నెట్‌ను మామూలు జనానికి అందుబాటులోకి తెచ్చింది. మరుసటి ఏడు హాట్‌మెయిల్ వచ్చింది. 2004లో ఆర్కుట్, ఆ తర్వాత ఫేస్‌బుక్, ట్విట్టర్. తెర మీది బొమ్మను 'అవతార్' అన్నారు. సంస్కృతం నుంచి మన అవతారమే అమెరికా కంప్యూటర్ ఆటల్లోకి వెళ్లి, అక్కడి నుంచి కొత్త అర్థంతో తిరిగి వచ్చింది. ఇప్పుడు దేవుళ్లకే కాదు, ఆటో నడిపే ఖాజా మియాకూ అవతారం ఉంది.

ఈ కొత్త గడిలో మనవాళ్లు ఏం రాస్తున్నారు? గమనిస్తే పాత అలవాట్లే కనిపిస్తాయి. పేరు చివర 'హైదరాబాదీ', 'కర్నూలీ' అని తగిలించుకునే కుర్రాడు తనకు తెలియకుండానే ఔరంగాబాదీ, లుధియాన్వీల బాటలో నడుస్తున్నాడు. పేరు పక్కన 786 పెట్టుకునేది ఇంకొకడు. అబ్జద్ లెక్కలో బిస్మిల్లా వాక్యంలోని అక్షరాల మొత్తం అది. తెలిసినవాడికి దువా, తెలియనివాడికి ఒట్టి అంకె. బొమ్మ జాగాలో చార్మినార్, మక్కా, గులాబీ, టర్కీ సీరియల్‌లో కత్తి పట్టిన వీరుడు. మరికొందరు షేక్‌ను 'ఎస్.కె.' చేసి, మహమ్మద్‌ను 'ఎండి.' చేసి, ఇంగ్లీషు అక్షరాల చాటున నిలబడతారు. ట్విట్టర్, అంటే 2023 నుంచి ఎక్స్, యూజర్‌నేమ్‌కు పదిహేను అక్షరాలే ఇస్తుంది, అదీ ఇంగ్లీషు లిపిలో. ఉర్దూ ఖాఫ్‌కూ చోటు లేదు, తెలుగు వత్తులకూ చోటు లేదు. రెండు భాషలూ ఉన్నవాడు ఆ గడి ముందు రెండు భాషలూ లేనివాడవుతాడు.

చాటున నిలబడే వాళ్లను పిరికివాళ్లని తీసిపారేయడం తేలిక. పేరుకు మన దేశంలో ఎంత వెల ఉందో లెక్క కట్టిన వాళ్లున్నారు. సుఖదేవ్ థొరాట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన పరిశీలన ఒకటి ఉంది. ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు చదువు, అర్హత సమానంగా ఉన్న దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రమే మార్చారు. అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడో వంతే ఉన్నట్టు తేలింది. దళిత పేరుకూ తక్కువే. 2019 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనే, భోజనం తెచ్చినవాడు ముస్లిం అని ఒక మనిషి పొట్లం తీసుకోలేదని పోలీసు ఫిర్యాదు దాకా వెళ్లింది. ఆ కుర్రాడికి యూజర్‌నేమ్ ఎంచుకునే వీలుందా? అతని పేరును తెర మీద పెట్టేది కంపెనీ. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడ్ యాత్ర దారిలో కొట్ల యజమానులు పేర్లు రాసి బోర్డులు పెట్టాలని ఆదేశాలు వచ్చాయి. జూలై 22న సుప్రీంకోర్టు వాటిని ఆపింది. ఒకచోట పేరు దాచితే తప్ప బతుకు లేదు. ఇంకోచోట పేరు దాచే హక్కు లేదు.

స్త్రీల సంగతి మరీ కఠినం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలీగఢ్ ప్రాంతపు షేర్వానీ కుటుంబంలోని జాహిదా ఖాతూన్ రాజకీయ కవితలు రాసి, కింద 'జే. ఖే. షీన్.' అని మూడు అక్షరాలే పెట్టేది. పరదా లోపల నుంచి మూడు అక్షరాలు బయటికి వచ్చి నడిచాయి. నూరేళ్ల తర్వాత ముస్లిం స్త్రీలు పూర్తి పేరుతో, సొంత ఫోటోతో మాట్లాడటం మొదలుపెట్టారు. వాళ్లకు దొరికిన జవాబు ఏమిటి? 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరోసారి, పేరున్న ముస్లిం స్త్రీల ఫోటోలు దొంగిలించి 'వేలం' అని పెట్టారు. పాత్రికేయులు, కళాకారులు, న్యాయం కోసం పోరాడేవాళ్లు అందులో ఉన్నారు. రెండోసారి నిందితులు సిక్కుల పేర్లతో ఖాతాలు నడిపారని ముంబై పోలీసులు చెప్పారు. 2024 జనవరి మొదట్లో అయోధ్య గుడిని పేల్చేస్తామని బెదిరించిన కేసులో ఇద్దర్ని పట్టుకున్న ఉత్తరప్రదేశ్ పోలీసులు, వాళ్లు ముస్లిం పేర్లతో ఈమెయిళ్లు సృష్టించారని చెప్పారు. ముస్లిం తన పేరును దాచుకుంటున్న కాలంలోనే, ఆ పేరును వేరేవాళ్లు తొడుక్కుని తిరుగుతున్నారన్నమాట. పేరు దొంగతనంలో నష్టం ఆ ఇద్దరితో ఆగదు. ఆ పేరు ఉన్న ప్రతి ఇంటికీ అనుమానం వెళ్లి కూచుంటుంది.

ఇంత చెప్పి మన ఇంటి సంగతి చెప్పకపోతే అన్యాయం. మస్తాన్, నాగూర్, సైదా, పీరయ్య అనే పేర్లు విని నవ్వేది ముస్లిమేతరులే కాదు. షరాఫత్ నషా తలకెక్కిన మనవాళ్లూ నవ్వుతారు. దూదేకుల ఇంటి బిడ్డ తెలుగు ఇంటిపేరుతో మసీదు మెట్లెక్కితే, వీడు ఏ పాటి ముసల్మాన్ అని కంటితోనే కొలుస్తారు. అందుకే నేటి పిల్లలు కొందరు నాయన పెట్టిన నాగుల్‌మీరాను గడిలో రాయడానికి సిగ్గుపడి, అరబీ నిఘంటువులో పేరు వెతుక్కుంటున్నారు. అరబీ పేరు పెట్టుకోవడంలో తప్పు లేదు. నాగుల్‌మీరా అంటే సిగ్గుపడేలా చేయడం తప్పు. ఒక వైపు మెజారిటీ మతోన్మాదం మన పేర్లను పరాయివని అంటుంటే, రెండో వైపు మనలోని పెద్దరికం ఈ నేల మీద మొలిచిన పేర్లను పీకేస్తోంది. ఈ రెండు చేతులూ వేరువేరుగా కనిపించినా పడుతున్నది ఒకే మొక్క మీద.

మరి ఏ పేరు పెట్టుకోవాలి? అందరూ పూర్తి పేరు, సొంత ఫోటో పెట్టి నిలబడాలని శాసించే హక్కు ఎవరికీ లేదు. గులాబీ బొమ్మ చాటున మాట్లాడే ఆడపిల్లను బయటికి రమ్మనే ముందు, బయట ఆమెకు ఏ భద్రత ఇవ్వగలమో చెప్పాలి. కలం పేరూ, మారు పేరూ, మూడక్షరాల పేరూ, అంకెల పేరూ అన్నీ మన వారసత్వమే. మనం అడగాల్సింది ఒకటే, ఆ పేరు విడుదల కోసం పెట్టుకున్నదా, భయంతో పెట్టుకున్నదా? మొదటిది తఖల్లుస్. రెండోది అజ్ఞాతవాసం.

లౌకికవాదులైన మిత్రులను అడిగేదీ ఇదే. మీరు మా గజల్‌కు వాహ్ అన్నారు, మా బిర్యానీని మెచ్చుకున్నారు, పీర్ల పండక్కి మాతో అలయ్ ఆడారు. సంతోషం. ఇప్పుడు ఆ చిన్న గడిని చూడండి. అందులో ఒక సైదులు, ఒక షబానా, ఒక నాగుల్‌మీరా తమ పేరును వెనకా ముందూ చూడకుండా రాసుకోగలగాలి. వద్దనుకుంటే సరదాకి ఇంకో పేరు రాసుకోగలగాలి. అద్దె ఇంటి కోసమో, ఉద్యోగం కోసమో, ప్రాణం కోసమో కాకుండా, కేవలం తమ ఇష్టం కోసం. కిషన్ పర్షాద్ 'షాద్' అయినప్పుడు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. మాకూ ఆ పాటి కులాసా కావాలి.