కొలత సరైనదే, తీర్పే తప్పింది

పాతబస్తీ నుంచి నయాపూల్ మీదుగా మూసీ దాటితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి గుమ్మటాలు కనిపిస్తాయి. విన్సెంట్ ఎష్ ఈ భవనం కట్టకముందు ఆ దరిన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండేది. 1908 మూసీ వరద దాన్ని దెబ్బతీసింది. ఆ పాత ఆస్పత్రి రోజుల్లోనే హైదరాబాద్ పేరు ప్రపంచ వైద్యచరిత్రలోకి ఎక్కింది. అదీ ఒక తగువు పుణ్యమా అని. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూలు పెద్ద అయిన ఎడ్వర్డ్ లారీ పంతానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖజానా తోడై, 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు ఇక్కడ పనిచేశాయి. ఆ కమిషన్ల కొలతలు అబద్ధాలు కావు. తీర్పు మాత్రం తప్పింది. ఎందుకు తప్పిందో తెలిస్తే, ఇవాళ మన ఇళ్లలో ఉన్న బీపీ మాత్రలు, గుండె మాత్రలు, నీరు తీసే మాత్రలు ఎప్పుడు కాపాడతాయో, ఎప్పుడు కొంప ముంచుతాయో కూడా తెలుస్తుందని ఈ వ్యాసం వాదన.

తగువు ఏమిటంటే, మత్తు కోసం క్లోరోఫాం ఇచ్చిన రోగి బల్లమీదే పోతే ముందు ఆగింది గుండెనా, ఊపిరా? ఇంగ్లండులో 1848 జనవరి 28న హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలివేలి గోరు తీయించుకోబోయి క్లోరోఫాం పీల్చిన కాసేపటికే చనిపోయింది. నమోదైన క్లోరోఫాం మరణాల్లో అదే మొదటిది. లండన్ వైద్యులు గుండె ఆగిందన్నారు, నాడి పట్టి కూర్చోవాలన్నారు. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ దగ్గర పాఠం నేర్చిన లారీ, నాడితో పనిలేదు, ఊపిరి చూస్తే చాలన్నాడు. మొదటి కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి లారీ మాటే నిజమంది. లండన్ పత్రిక లాన్సెట్ నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మేం పెట్టుకుంటామన్నారు హైదరాబాద్ వారు. అందుకు నిజాం 1000 పౌన్లు ఇచ్చారు. లాన్సెట్ పంపినవాడు సామాన్యుడేమీ కాదు, థామస్ లాడర్ బ్రంటన్. గుండెనొప్పికి పనిచేసే మందును మొట్టమొదట వైద్యానికి తెచ్చిన మనిషి.

ఆ కథ 1867 నాటిది. ఎడిన్‌బరో ఆస్పత్రిలో రాత్రిళ్లు ఛాతీనొప్పితో మెలికలు తిరిగే రోగిని కుర్ర డాక్టరు బ్రంటన్ గమనిస్తూ వచ్చాడు. నొప్పి వచ్చినప్పుడల్లా నాడి గీతలు తీసి చూస్తే, రక్తనాళాలు బిగిసి ఒత్తిడి పెరిగినట్టు తోచింది. కొంచెం నెత్తురు తీస్తే నొప్పి తగ్గుతోంది. అమైల్ నైట్రైట్ ఒత్తిడిని తగ్గిస్తుందని అప్పటికే ఆర్థర్ గామ్‌జీ ప్రయోగాల్లో తేలింది. బ్రంటన్ కొద్ది చుక్కలు గుడ్డమీద పోసి పీల్పించాడు. నిమిషం తిరిగేలోపే నొప్పి పోయింది, రోగి ముఖం మాత్రం ఎర్రబడింది. అంటే గుణం, అవలక్షణం ఒక్కసారే వచ్చాయి. రెండూ ఒకే పని ఫలితాలు కాబట్టి. నాళాలు వదులైతే గుండెకు బరువు తగ్గుతుంది. ఆ వదులే తలలోని నాళాల్లోనూ వస్తే తల పగిలిపోతుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. ఇవాళ నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ ఆ కుటుంబపు మాత్రే. దుష్ఫలితం అనేది మందులో కలిసిన కల్తీ ఏదో అయినట్టు మాట్లాడుతుంటారు. సాధారణంగా అది మందు చేసే పనే, మనం కోరని చోట.

1889 చివరి నెలల్లో హైదరాబాద్‌లో లారీ, బ్రంటన్, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ హకీం పనికి దిగారు. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసే సాధనం అప్పటికి పుట్టలేదు. రివా రోచీ దాన్ని తెచ్చింది 1896లో. జంతువు ధమనిలోకి గొట్టం దూర్చి, దాన్ని పాదరసం నింపిన గాజుగొట్టానికి కలిపేవారు. పాదరసం మీద తేలే ములుకు, పొగ పట్టించిన నల్లకాగితం చుట్టిన డోలు తిరుగుతుంటే, తెల్లగీత గీస్తూ పోయేది. గీత దిగితే ఒత్తిడి దిగినట్టు. మొత్తం 490 జంతువులు. కుక్కలతో పాటు గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు. 120 జంతువులకు ఒత్తిడి గీతలు తీసి, వాటిని ఫొటోలు కూడా పట్టారు. ఆ మూగజీవాల లెక్క చదువుతుంటే ఇవాళ గొంతు పట్టేస్తుంది, నిజమే. ప్రయోగాల్లో ఊపిరి ముందు ఆగింది, గుండె తర్వాతే ఆగింది. గుండెకు నేరుగా ఏ ప్రమాదమూ లేదని బ్రంటన్ లండన్‌కు తంతి కొట్టాడు. ఎదురు వాదన మనసులో పెట్టుకుని వచ్చినవాడే లారీ పక్షం చేరాడు.

1911లో గుడ్‌మన్ లెవీ అనే పరిశోధకుడు పిల్లుల మీద చేసిన ప్రయోగాలతో అసలు సంగతి బయటపడింది. తక్కువ మోతాదు క్లోరోఫాంలో ఉన్న జంతువుకు అడ్రినలిన్ అందితే గుండె గది కొట్టుకోవడం మాని ఊరికే అదురుతుంది. నెత్తురు కదలదు, ప్రాణం పోతుంది. భయపడ్డ మనిషి ఒంట్లో అడ్రినలిన్ దానంతటదే ఊరుతుంది. హైదరాబాద్‌లో ఎక్కువగా జరిగింది మోతాదు పెంచుకుంటూ పోయి ఊపిరి ఆగేదాకా చూడడం. లోతు మత్తులో మొదట ఊపిరే ఆగుతుంది. ఆ గీతలు నిజమే చెప్పాయి. కానీ చిన్న ఆపరేషన్‌కు, కొద్దిపాటి మత్తులో, భయంతో వణికే హన్నా గ్రీనర్ లాంటి రోగి ఆ బల్లమీద లేదు. మందు ఒక్కటే ఏం చేస్తుందని వాళ్లు అడిగారు. ఆ మందు మరొకదానితో కలిస్తే ఏం చేస్తుందని అడగలేదు. 1889 నాటికి అడ్రినలిన్ సంగతి ఎవరికీ తెలియదు గనక ఆ లోటుకు వాళ్లను నిందించడం న్యాయం కాదు. గుండెకు ప్రమాదమే లేదని అంత ధీమాగా ప్రకటించినందుకు మాత్రం నిందించవచ్చు.

మరి ఇదంతా రాజుగారి డబ్బుతో జరిగిన వృథా తతంగమేనా? అలా అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. మత్తు ఇచ్చేవాడి కన్ను క్షణం కూడా ఊపిరి మీంచి మళ్లకూడదన్న నియమం ఆనాటికీ మంచిదే, ఇప్పటికీ మంచిదే. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూంజీ లారీ బడిలోనే తయారయ్యారు. కాకపోతే నియమం మంచిదైనంత మాత్రాన సిద్ధాంతం నిజమైపోదు.

బ్రంటన్ చదువుకున్న మరో మందు డిజిటాలిస్ ఇదే మాటను ఇంకా స్పష్టంగా చెబుతుంది. ఆ మొక్క ఆకును 1785లో విలియం విదరింగ్ ఒంటికి నీరు పట్టినవాళ్లకు ఇచ్చి, మూత్రం బాగా జారీ అవుతోందని రాశాడు. 1868లో బ్రంటన్ డిజిటాలిస్ మీద పుస్తకం వేస్తూ మూత్రం గురించిన పరిశీలనలూ చేర్చాడు. అది నీరు తీసే మందన్నది ఆనాటి లెక్క. నిజానికి అది గుండె కండరంలో సోడియం, పొటాషియంలను అటూ ఇటూ మార్చే పంపును అడ్డుకుని పిండే బలం పెంచుతుంది. గుండె పుంజుకుంటే కిడ్నీకి నెత్తురు అందుతుంది, నీరు పోతుంది. నేటి డిగాక్సిన్ మాత్ర ఆ కుటుంబపుదే. ఇప్పుడు దాని పక్కన నీరు తీసే మాత్ర లాసిక్స్ పెట్టి చూడండి. లాసిక్స్ కిడ్నీ గొట్టాల్లో ఉప్పును తిరిగి పీల్చుకోనివ్వదు. ఉప్పు వెంట నీళ్లు పోతాయి, పొటాషియం కూడా పోతుంది. పొటాషియం తగ్గిన గుండెను డిగాక్సిన్ మరింత గట్టిగా పట్టుకుంటుంది. వాంతులు, చూపులో పసుపు ఛాయ, లయ తప్పిన గుండె. మోతాదులు రెండూ సరైనవే, కలయికే విషం.

బీపీ మాత్రల సంగతీ ఇంతే. రామిప్రిల్ వంటివి నాళాలను బిగించే పదార్థం తయారీని ఆపుతాయి. ఆ ఎంజైమే బ్రాడికైనిన్‌ను కూడా విరగ్గొట్టాలి గనక, అది పేరుకుని కొందరికి పొడిదగ్గు తెస్తుంది. ఆమ్లోడిపిన్ నాళాలను వదులు చేసి చీలమండలకు వాపు తెస్తుంది. అది ఉప్పు నిలిచి వచ్చిన వాపు కాదు గనక దానికి లాసిక్స్ మింగడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. రామిప్రిల్, నీరు తీసే మాత్ర వాడుతున్న మనిషి మోకాళ్ల నొప్పికి షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుంటే కిడ్నీ మీద మూడు వైపుల నుంచి దెబ్బ పడుతుంది. సార్బిట్రేట్ వాడేవారు వయాగ్రా మింగితే బీపీ పాతాళానికి పడుతుంది. 1999లో ఒక పెద్ద పరీక్ష, గుండె బలహీనపడ్డవారికి స్పైరనోలాక్టోన్ ప్రాణాలు నిలుపుతుందని రుజువు చేసింది. అది పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపే మందు. పరీక్షలో రోగులను ఏరి తీసుకున్నారు, రక్తం తరచూ చూశారు. ఆ తర్వాత కెనడాలోని ఒంటారియోలో డాక్టర్లు దాన్ని వృద్ధులకు విరివిగా రాయడంతో పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరినవారి నిష్పత్తి 1994 నుంచి 2001 నాటికి నాలుగింతలు దాటింది. పరీక్ష తప్పు కాదు. పరీక్షలో లేని మనిషికి ఆ ఫలితాన్ని అంటగట్టడం తప్పు. మన కమిషన్ పొరపాటూ అదే రకం.

ఇన్ని చిక్కులుంటే మాత్రలే మానేస్తే పోలేదా అనేవారికి జవాబు సులువు. మందు వేయని బీపీ పక్షవాతం, గుండెపోటు, కిడ్నీ వైఫల్యం తెస్తుంది. బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్ లాంటిది ఒక్కసారిగా ఆపేస్తే గుండెదడ, ఛాతీనొప్పి తిరగబెట్టవచ్చు. ఆకుమందులకు దుష్ఫలితాలుండవనే మాటా నిలవదు. డిజిటాలిస్ ఆకే కదా. యునానీ హకీములు అస్రోల్ పేరుతో వాడిన సర్పగంధి వేరును సలీముజ్జమాన్ సిద్దిఖీ 1931లో ఢిల్లీలో శోధించి, దొరికిన పదార్థానికి హకీం అజ్మల్ ఖాన్ పేరుమీద అజ్మలిన్ అని పేరు పెట్టాడు. అదే వేరు బీపీని తగ్గిస్తుందని 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ చూపాడు. దాంట్లోంచి తీసిన రిసర్పిన్ కొందరిని దిగులులోకి తోసింది. చార్మినార్ పక్కన నిజామియా యునానీ ఆస్పత్రికి వెళ్లేవారైనా, ఉస్మానియాకు వెళ్లేవారైనా ఒక చోట వాడుతున్న మందు మరో చోట చెప్పకపోవడమే ప్రమాదం.

ఎండలు ముదిరినప్పుడు, వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు, రంజాన్‌లో రోజా ఉండేటప్పుడు నీరు తీసే మాత్ర వేళనూ మోతాదునూ డాక్టరు మార్చాల్సి రావచ్చు. సొంతంగా ఆపకండి, సొంతంగా కొనసాగించకండి, రంజాన్ నెల మొదలవకముందే అడగండి. ఈసారి వెళ్లేటప్పుడు చీటీతో సరిపెట్టకుండా ఇంట్లో వాడే స్ట్రిప్పులన్నీ, మోకాళ్ల నొప్పి మాత్రతో, హకీం ఇచ్చిన పొట్లంతో సహా, ఒక సంచిలో వేసుకెళ్లి డాక్టరు బల్లమీద పెట్టండి. పొటాషియం పరీక్ష, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష మళ్లీ ఎప్పుడు చేయించుకోవాలో చీటీ మీద రాయించుకోండి.