జవాబు ఇవ్వనివారు: శాసనాల నుంచి సర్వేల దాకా

లక్ష్యం

ఈ భాగం చదివిన తరవాత, ఒక చారిత్రక ఆధారాన్ని గాని, సర్వేను గాని చూసినప్పుడు అందులో ఎవరు లేరో మీరు ప్రశ్నించగలుగుతారు.

1. రాతికెక్కినవారు, ఎక్కనివారు

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగమే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని వాదించినవారిలో గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) ముఖ్యులు. అక్కడి మధుకేశ్వరాలయంలో దానశాసనాలు ఎన్నో ఉన్నాయి. అఖండదీపం కోసం ఎవరు ఏమిచ్చారో అవి చెబుతాయి. అయితే వీటినే ఆధారంగా తీసుకుని ఆనాటి సమాజాన్ని అంచనా వేయవచ్చునా? దానమిచ్చే స్తోమత ఉన్నవారి పేరే రాతికెక్కుతుంది. పొలం దున్నినవారు, పశువులు మేపినవారు అరుదుగా కనిపిస్తారు.

గిడుగువారు శాసనాల దగ్గరే ఆగలేదు. అప్పటికి లిపి లేని సవరల భాషను వారినుంచే నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణాన్ని వెలువరించారు. రాతలో లేనివారి దగ్గరకు పరిశోధకుడే వెళ్లాలని దీనినిబట్టి గ్రహించవచ్చు.

2. ప్రశ్నావళికి జవాబిచ్చినవారు

సర్వేలోనూ ఇదే చిక్కు ఉంది. 1936 అమెరికా ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి నమూనా ఓటు పత్రాలు పంపింది. 23 లక్షలకు పైగా తిరిగివచ్చాయి. వాటినిబట్టి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. గెలిచింది రూజ్‌వెల్ట్. సంఖ్య పెద్దదైనంత మాత్రాన ఫలితం సరైనది కాదని దీనివల్ల తేలింది.

3. వైద్యుల ఉదాహరణ

1951లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ బ్రిటన్‌లోని సుమారు 60 వేల మంది వైద్యులకు పొగతాగే అలవాటుపై ప్రశ్నావళి పంపారు. దాదాపు 40 వేల మంది జవాబిచ్చారు. రెండో సంవత్సరంలో, జవాబిచ్చినవారి మరణాల రేటు మొత్తం వైద్యుల రేటులో 63 శాతమే. మూడో సంవత్సరంలో అది 85 శాతం, ఆ తరవాత సుమారు 93 శాతం. కారణం ఏమిటి? అప్పటికే తీవ్రంగా జబ్బుపడినవారిలో చాలామంది జవాబు రాయలేదు. కాలం గడిచేకొద్దీ ఆ తేడా తగ్గింది.

అయినా పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం చెక్కుచెదరలేదు. జవాబిచ్చినవారిలోనే పొగతాగేవారిని తాగనివారితో పోల్చడమే ఇందుకు కారణం. మౌనం ప్రతి ఫలితాన్నీ ఒకే విధంగా దెబ్బతీయదని గమనించండి.

4. పోల్చే పద్ధతి

వైద్యులకు, ఫార్మసిస్టులకు చట్టబద్ధమైన రిజిస్టర్లు ఉన్నాయి. మన దేశంలో ఫార్మసిస్టుల నమోదుకు 1948 ఫార్మసీ చట్టం ఆధారం. నమోదైన సంవత్సరం, అర్హత, చిరునామా రిజిస్టరులో ఉంటాయి కనుక జవాబిచ్చినవారినీ ఇవ్వనివారినీ ఈ విషయాల్లో పోల్చవచ్చు. కొత్తగా చేరినవారు ఎక్కువా, పాతవారు ఎక్కువా? పట్టణంవారా, పల్లెవారా?

కాని ఇది సరిపోదు. డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్ముతారా అని ఒక జిల్లా ఫార్మసిస్టులను అడిగారనుకుందాం. అమ్మేవారే ఆ కాగితాన్ని పక్కన పెట్టవచ్చు. ఆ సంగతి ఏ రిజిస్టరులోనూ ఉండదు. అప్పుడు జవాబులను మాత్రమే నమ్మి విధానం రూపొందిస్తే, నష్టపోయేది రోగి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. దానశాసనాల్లో కనిపించనివారు ఎవరు? ఎందుకు?
2. వైద్యుల సర్వేలో మరణాల తేడా ఎందుకు క్రమంగా తగ్గింది?
3. రిజిస్టరుతో పోల్చి తెలుసుకోగలిగినవి, తెలుసుకోలేనివి ఏమిటి? ఒక్కొక్క ఉదాహరణ రాయండి.